మూడ్‌కి ఎన్ని మార్కులు?

హైదరాబాద్ శివారు బస్తీల్లో "పానం మంచిగ లేదు" అనే మాట రోజూ వినిపిస్తుంది. ప్రాణం అన్న మాటే నోట్లో అరిగి అరిగి పానం అయింది. ఆ మాట అన్న మనిషికి జ్వరం ఉండొచ్చు, నడుం పట్టేసి ఉండొచ్చు, లేదా వేరే ఊళ్ళో ఉన్న కొడుకు రెండు నెలలుగా ఫోన్ చేయకపోయి ఉండొచ్చు. ఏదన్నది వెంటనే చెప్పరు. వినేవాళ్ళూ వెంటనే అడగరు. కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. ఒంటికీ మనసుకీ మధ్య గోడ కట్టని మాట అది. "మూడ్" అలా కాదు. అది మనసుని ఒంట్లోంచి విడిగా తీసి చేతిలో పెట్టి, ఇప్పుడు దీనికి ఎన్ని మార్కులు వేస్తావు అని అడుగుతుంది.

ఈ తేడా మీద ఇంతగా ఆలోచించడం ఉద్యోగం వల్లే. చేతికి పట్టీలా కట్టుకునే ఒక పరికరం, దానికి తోడు ఫోన్లో ఒక యాప్. రెండూ కలిసి మనిషి మూడ్‌ని రోజూ నమోదు చేస్తాయి. ఇంకా బజార్లోకి రాలేదు. వాటికి యూజబిలిటీ టెస్టుల ప్లాన్ రాయడం నా పని. యూజబిలిటీ టెస్టు అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. వస్తువుని మనిషి చేతికిచ్చి, ఒక పని చెప్పి, నోరు మూసుకుని పక్కన కూర్చుని చూడటం. పరీక్ష వస్తువుకి, మనిషికి కాదు. ఆ రెండో వాక్యాన్ని ప్రతి టెస్టు ముందూ పైకి చదివి వినిపిస్తాం. నమ్మేవాళ్ళు తక్కువ.

టెస్టులు జరగాల్సింది జవహర్‌నగర్‌లో. ఈ ఊరి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: మాజీ సైనికుల కోసం కేటాయించిన భూముల మీద మొదలై, ఊళ్ళ నుంచి పనికోసం వచ్చినవాళ్ళతో నిండి, 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. ఒక వైపు 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఇంకో వైపు డంపింగ్ యార్డ్. రెండు దశాబ్దాలుగా మహానగరం పారేసిన చెత్తంతా వచ్చి చేరేది ఇక్కడికే. పాత గుట్టని మట్టితో కప్పారు, 2020లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు మొదలుపెట్టారు. గాలి ఇటు తిరిగిన రోజు వాసన మాత్రం ఇళ్ళలోకి వస్తూనే ఉంటుంది.

టీమ్‌లో మొదట వచ్చిన సలహా సులువైనది. క్యాంపస్ పక్కనే ఉంది, ఐదుగురు స్టూడెంట్స్‌ని పిలుద్దాం, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. ఈ "ఐదుగురు" అన్న అంకెకి ఒక చరిత్ర ఉంది. 1993లో యాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ ఇద్దరూ కలిసి ఒక లెక్క కట్టారు. ఒక్కో మనిషి సగటున ఆ వస్తువులో ఉన్న లోపాల్లో 31 శాతం బయటపెడతాడు. వేర్వేరు మనుషులు పట్టుకున్నవి కొన్ని ఒకటే అయినా, ఐదో మనిషి వచ్చేసరికి 85 శాతం దొరుకుతాయి. 2000లో నీల్సన్ దీన్ని అందరికీ అర్థమయ్యేలా రాశాక ఐదు అన్నది ఈ వృత్తిలో ఒక శాస్త్రమై కూర్చుంది. మరుసటి ఏడాదే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ వెబ్‌సైట్ల మీద చూసి, మొదటి ఐదుగురి వల్ల దొరికింది 35 శాతమే అన్నారు. అసలు నీల్సన్ కూడా, వాడేవాళ్ళలో వేర్వేరు గుంపులుంటే గుంపు గుంపుకీ విడిగా చూడమనే చెప్పాడు. ఆ ముక్కని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఖర్చు పెంచే వాక్యాలకి పట్టే గతే అది.

బిట్స్ కుర్రాడికీ, యార్డ్ దగ్గర సీసాలు, ప్లాస్టిక్ ఏరే మనిషికీ పిన్‌కోడ్ కలవొచ్చు. గుంపు కలవదు.

*

యాప్ తెరవగానే ఐదు మొహాలు కనిపిస్తాయి. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా. ఇవి వాట్సాప్ యుగం సరుకని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. 1955లో అమెరికాలో థియోడర్ కూనిన్ అనే ఆయన, మీ ఉద్యోగం మీకు నచ్చిందా అని కార్మికుల్ని అడగడానికి మొహాల బొమ్మలు గీయించాడు. అంతకుముందు 1932 నుంచీ రెన్సిస్ లికర్ట్ పెట్టిన పద్ధతి ఉంది. పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఏమో, ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను అని ఐదు మెట్లు. కూనిన్ వాదన ఏమిటంటే, మనిషి తనలో అనిపించినదాన్ని ముందు మాటల్లోకి మార్చుకుని, ఆ మాటల్ని మళ్ళీ మెట్టులోకి మార్చుకోవాలి, దారిలో చాలా ఒలికిపోతుంది. బొమ్మైతే నేరుగా వేలు పెట్టొచ్చు. మంచి వాదనే. కాకపోతే ఆయన బొమ్మలన్నీ మగవాళ్ళ మొహాలు. ఆడవాళ్ళ మొహాలతో అలాంటి కొలత తయారవడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్లాన్ రాసేముందు ప్రశ్నల వరస సరిచూసుకోవడానికి, తెలిసిన ఒక కిరాణా కొట్టు పెద్దావిడకి ఆ ఐదు మొహాల్నీ కాగితం మీద చూపించాను.

"అమ్మా, ఇయ్యాల నీ మనసు ఎట్లుందో ఇందుల ఒకటి చూపిస్తవా?"

ఆవిడ కాగితం తిప్పి చూసింది. "ఇండ్ల నేనెక్కడున్న బిడ్డా?"

"నీ లెక్క కాదమ్మా. నీ మనసు ఏ బొమ్మ లెక్క ఉన్నదో అది."

నవ్వు మొహం మీద వేలు పెట్టింది. అంతకు పది నిమిషాల ముందే, రాత్రంతా నిద్ర లేదనీ, చిట్టీ డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళ గురించీ చెప్పిన మనిషి. అదేమిటమ్మా అంటే, "ఇంటికొచ్చినోళ్ళ ముంగట ఏడ్పు మొఖం పెడితె మంచిగుంటదా?" అంది.

కూనిన్ లెక్కలో ఇది లేదు. బొమ్మకీ మనసుకీ మధ్య మాట అడ్డు లేకపోవచ్చు, మర్యాద ఉంది. ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను.

దీన్ని మనదేశంలో యూజబిలిటీ పనివాళ్ళు ముందే గమనించారు. అపలా లాహిరి చవాన్ ఈ శతాబ్దం మొదట్లో ఒక పద్ధతి తెచ్చారు, దాన్ని బాలీవుడ్ టెక్నిక్ అంటారు. మనవాళ్ళు టెస్టులో కూర్చుంటే తప్పు చెప్పరు. చేసినవాళ్ళు నొచ్చుకుంటారని, లేదా తమకే రాలేదేమోనని. అందుకని ఆవిడ, "ఈ సైట్లో విమానం టికెట్ బుక్ చేయండి" అని పొడిగా అడగకుండా ఒక సినిమా కథ చెప్పేవారు. మీ మేనకోడలికి పెళ్ళి. తీరా చూస్తే పెళ్ళికొడుకు అండర్‌వరల్డ్ మనిషి, పైగా వాడికి ఇదివరకే పెళ్ళయింది. వాడి భార్యని తీసుకుని మీరు వెంటనే బెంగళూరు విమానం ఎక్కాలి. టికెట్లు బుక్ చేయండి! అప్పుడు మనుషులు తమని తాము మర్చిపోయేవారట. బటన్ కనపడకపోతే గట్టిగా విసుక్కునేవారట. నవ్వొచ్చే మాటే గానీ, మర్యాదని పక్కన పెట్టడానికి మనకి ఒక కథ కావాలని కనిపెట్టడం చిన్న సంగతి కాదు. 2006లో అమెరికాలో వత్రపు, పెరెజ్-కినోనెస్ అనే ఇద్దరు ఇంకో వైపు నుంచి ఇదే చూశారు. భారతీయులు పాల్గొన్న టెస్టుల్లో, ఎదుట కూర్చున్న మనిషి కూడా భారతీయుడైనప్పుడు వాళ్ళు ఎక్కువ లోపాలు చెప్పారు, తెల్ల అమెరికన్ అయినప్పుడు తక్కువ.

టికెట్ల సంగతి సరే. మూడ్‌కి ఏ సినిమా కథ చెప్పగలం? "మీకు చాలా దిగులుగా ఉందనుకోండి, ఇప్పుడు యాప్ తెరవండి" అంటే, ఉన్న దిగులుని దాచుకుని లేని దిగులుని నటించమన్నట్టు అవుతుంది.

*

మనసుకి మార్కులు వేసే పద్ధతుల్లో ఇవాళ ప్రపంచమంతా తిరుగుతున్నది పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకీ ఫైజర్ కంపెనీ డబ్బుతో తయారుచేశారు, 2001లో అచ్చయింది. డిప్రెషన్ మందులు అమ్మే కంపెనీ డిప్రెషన్‌ని కొలిచే కర్రకి డబ్బులిచ్చిందన్నది ఒక ముచ్చట. ఆ కర్రని తర్వాత అందరికీ ఉచితంగా వదిలేసిందన్నది ఇంకో ముచ్చట. అది తెలుగులోనూ ఉంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అని అడుగుతుంది: అస్సలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. తెలుగులో చదివితే ఎక్కడా తప్పు లేదు. కానీ దిగులుని రోజుల్లో లెక్కపెట్టుకునే అలవాటు ఎవరికుంది? ఏడో రోజుకీ ఎనిమిదో రోజుకీ మధ్య ఒక మార్కు తేడా ఉందని దిగులు పడేవాళ్ళకి తెలియదు కదా.

ఇంకో దారి కూడా ఉంది. 1990లలో విక్రమ్ పటేల్, ఇప్పుడు చాలా పేరున్న మానసిక వైద్యుడు, జింబాబ్వేలోని హరారేలో పనిచేస్తున్నప్పుడు ఇంగ్లీషు ప్రశ్నల్ని షోనా భాషలోకి తేవడంతో సరిపెట్టుకోలేదు. అక్కడి మనుషులు తమ బాధని ఏ మాటలతో చెప్పుకుంటారో అక్కడి నుంచి మొదలుపెట్టారు. "కుఫుంగిసీసా" అన్న మాట దొరికింది. అతిగా ఆలోచించడం అని అర్థం. అలాంటి మాటలతో 14 ప్రశ్నల షోనా జాబితా తయారైంది. జవాబు అవును, కాదు, అంతే. తర్వాత అదే హరారేలో డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో, క్లినిక్ బయట బల్ల మీద కూర్చుని మనుషుల గోడు వినే అమ్మమ్మలు ఆ జాబితానే వాడారు.

కుఫుంగిసీసా మనకి కొత్తా? "ఊకె ఆలోచనలొస్తున్నయ్", "రంది పెట్టుకున్నడు", "రందితోటి సగమైంది". రంది అన్న మాట తెలంగాణలో పుట్టిన ఎవరికీ వివరించక్కర్లేదు. దిగులు వేరు, రంది వేరు. దిగులు కారణం లేకుండా కూడా వస్తుంది. రందికి ఒక మనిషో, ఒక అప్పో, ఒక భూమి ముక్కో ఉంటుంది. బుగులు ఇంకోటి, అందులో భయం ఉంది. యాష్టకొచ్చింది అంటే ఓపిక అయిపోయిందని. అన్నిటికీ అవతలి గట్టు మీద నిమ్మలం. నిమ్మలంగా ఉండటమంటే సంతోషంగా ఉండటం కాదు. సంతోషం, నవ్వు మొహం లాంటివి ఏమీ లేకుండానే మనిషి నిమ్మలంగా ఉండొచ్చు. ఐదు మొహాల్లో నిమ్మలానికి మొహం లేదు. మధ్యలో ఉన్న గీతమూతి బొమ్మ దానికి దగ్గర అంటారేమో. అది చూస్తే నాకు రిజర్వేషన్ కౌంటర్లో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు.

మరి తెలుగు నేల మీద ఎవరూ ఇలాంటి యాప్‌ని మనుషుల దగ్గరికి తీసుకెళ్ళలేదా అంటే, తీసుకెళ్ళారు. ఆ కథ మన సాహిత్య పత్రికల్లో చర్చకి రాదు గానీ రావాల్సిందే. 2014–15లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ వాళ్ళు, పల్లబ్ మౌలిక్ ఆధ్వర్యంలో, పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిపారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. అందులో డిప్రెషన్ ప్రశ్నలు తొమ్మిది, ఆందోళన ప్రశ్నలు ఏడు. ఆశా ఇల్లిల్లూ తిరిగి అడుగుతుంది. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్లెట్‌కి చేరతాయి. డాక్టరుకి ఏ లక్షణానికి ఏం చేయాలో అందులోనే దారి చూపిస్తుంది. రోగికి ఫోన్లో రికార్డు చేసిన మాట వస్తుంది, ఫలానా రోజు వెళ్ళమని. దానికి ముందు ఊళ్ళలో మానసిక బాధ అంటే సిగ్గుపడక్కర్లేదని ప్రచారం కూడా చేశారు.

అంకెలు చూద్దాం. 5,167 మందిలో 5,007 మందిని అడగగలిగారు. పట్నంలో ఏ సర్వేకీ ఇంత రాదు. ఆశాని ఇంట్లోకి రానివ్వని గుమ్మం ఊళ్ళో ఉండదు, అదే దాని వెనకున్న అసలు టెక్నాలజీ. 238 మందికి మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ 238 మందిలో అంతకుముందు ఏడాదిలో మనసు కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఇద్దరు. ప్రాజెక్టు సమయంలో వెళ్ళినవాళ్ళు 30 మంది.

రెండు నుంచి ముప్పై. నివేదికల్లో ఇది విజయం, నిజంగానే విజయం. నాకు మాత్రం కన్ను మిగతా 208 మంది మీదికి పోతుంది. వాళ్ళకి యాప్ వచ్చింది, ప్రశ్నలు తెలుగులోనే వచ్చాయి, అడిగిన మనిషి తెలిసినావిడ, డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఫోన్ కూడా వచ్చింది. అయినా వెళ్ళలేదు. బస్సు, కూలి పోవడం, ఇంట్లో పిల్లలు, ఆ డాక్టరు గది బయట ఎవరు చూస్తారోనన్న సంకోచం. ఏ యూజబిలిటీ టెస్టులోనూ ఈ ముక్క పట్టదు, ఎందుకంటే మా టెస్టు స్క్రీన్ ఆరిపోగానే అయిపోతుంది. ఆ ప్రాజెక్టు చివర్లో మార్కులు తగ్గాయి, కానీ అప్పుడు పోల్చిచూసే ఊళ్ళు లేవు. తర్వాత పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ, పోల్చిచూసే ఊళ్ళు పెట్టి, పెద్ద ఎత్తున చేశారు. అక్కడ పద్ధతి అమలైన ఊళ్ళలో డిప్రెషన్ మార్కులు ఎక్కువ తగ్గాయి.

దీని విలువ తెలియాలంటే ఇంకో సంగతి పక్కన పెట్టుకోవాలి. 2015–16లో నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో చేసింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

*

ఇక చేతి పట్టీ. ఇది మాటలు అడగదు కాబట్టి మర్యాద గొడవ లేదు, ఒళ్ళు అబద్ధం చెప్పదు అని మా టీమ్‌లో ఒక నమ్మకం. ఈ నమ్మకానికీ వందేళ్ళు దాటాయి. 1907లో కార్ల్ యుంగ్, ఫ్రెడరిక్ పీటర్సన్ కలిసి, మనిషికి ఒక్కో మాట వినిపిస్తూ చర్మం మీదుగా కరెంటు ఎంత తేలిగ్గా పోతోందో గాల్వనోమీటర్‌తో చూశారు. మనసుకి తగిలే మాట వచ్చినప్పుడు చెమట గ్రంథులు కదులుతాయి, ముల్లు కదులుతుంది. 1997లో రోజలిండ్ పికార్డ్ "అఫెక్టివ్ కంప్యూటింగ్" అని పుస్తకం రాశాక ఆ ముల్లు మెల్లగా చేతి పట్టీల్లోకి చేరింది.

జ్యూరిక్ ప్రయోగశాలలో కుర్చీలో కూర్చున్న మనిషికి చెమట పట్టిందంటే మాట తగిలిందనుకోవచ్చు. ఏప్రిల్ నెలలో, రేకుల షెడ్డు కింద, మధ్యాహ్నం రెండింటికి సీసాలు వేరుచేసే మనిషికి చెమట పడితే ఏమనుకోవాలి? పైగా గ్లౌజులు వేసుకున్న చెయ్యి. గాజులున్న చెయ్యైతే పట్టీ ఎక్కడ కట్టాలి, గాజులకి పైనా కిందా? పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు తీసి పట్టీ కట్టుకోమని అడిగే ధైర్యం మాన్యువల్ రాసినవాళ్ళకి ఉంది, నాకు లేదు.

పట్టీ చర్మం తడినీ, నాడి వేగాన్నీ చూసి "ఒత్తిడి ఎక్కువగా ఉంది" అనుకుంటే, యాప్ ఒక సలహా ఇస్తుంది: "కాసేపు ఆగి, లోతుగా ఊపిరి పీల్చుకోండి."

సాయంత్రం యార్డ్ మీదుగా గాలి వీచే వేళ ఆ నోటిఫికేషన్ వచ్చిందనుకోండి.

ఇది జోకు కాదు. నా ప్లాన్‌లో నాలుగో టాస్క్ ఇదే. బిట్స్ క్యాంపస్‌లో ఏసీ గదిలో టెస్టు పెట్టి ఉంటే ఈ వాక్యానికి పూర్తి మార్కులొచ్చేవి. ఫాంటు బాగుంది, అనువాదం బాగుంది, బటన్ పెద్దగా ఉంది. వాక్యంలో లోపం లేదు, అది చేరిన చోటులో ఉంది. అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది, దానికి ప్లాన్‌లో గడి లేదు. ఒక వీధిలో ఇరవై ఇళ్ళలో ఇరవై పట్టీలు ఒకే సాయంత్రం ఎరుపు చూపిస్తే అది ఇరవై మంది మూడా, ఒక గాలా? యాప్ మాత్రం ఇరవై మందికీ విడివిడిగా ఊపిరి పీల్చుకోమనే చెబుతుంది. 2023లో ఆపిల్ తన ఫోన్లలోనూ వాచీల్లోనూ మూడ్ నమోదు పెట్టింది, అక్కడా కనిపించేది ఒక్క మనిషి గీతే. ఈ పరికరాలన్నిటి చరిత్రలోనూ మూడ్ అన్నది ఒక్క మనిషి సొంత ఆస్తి. "పానం మంచిగ లేదు" అన్న మాటలో అలా లేదు. "మా వాడకట్టుల ఎవ్వరి పానం మంచిగ లేదు" అని కూడా అనొచ్చు, అంటారు కూడా.

ప్లాన్ ఇలా తేలింది. మూడు గుంపులు: క్యాంపస్ స్టూడెంట్స్ ఐదుగురు, కాలనీల్లో ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఐదుగురు, యార్డ్ చుట్టుపక్కల పని చేసేవాళ్ళు ఐదుగురు. ఖర్చు మూడింతలు. దీని మీద రెండు మీటింగులు నడిచాయి. టెస్టు వాళ్ళ ఇళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన టైముకి. పోయిన కూలి లెక్కకట్టి ముందే ఇవ్వాలి, టెస్టు మధ్యలో లేచిపోయినా సరే. ఎదుట కూర్చునేది నేను కాదు, ఆ వాడకట్టు మాట మాట్లాడే మనిషి. నేను వెనక రాసుకుంటూ ఉంటాను. మొహాల బొమ్మ చూపించే ముందు మనిషిని మామూలుగా మాట్లాడనివ్వాలి, కనీసం పది నిమిషాలు. పట్టీ వారం రోజులు కట్టుకోవాలి, అందులో గాజులూ ఉండాలి, గ్లౌజులూ ఉండాలి, వంటా ఉండాలి.

ఫోను సంగతి విడిగా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తమకంటూ వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్ళు 54 శాతం. మిగతావాళ్ళ ఫోను భర్తదో కొడుకుదో. కాబట్టి యాప్‌లో నిన్నటి ఏడుపు మొహాన్ని ఇంకెవరు చూస్తారు అన్నది ఒక టాస్కు. "మీ వారు ఇది తెరిస్తే ఏం కనపడాలి?" అని నేరుగా అడగాలి. స్క్రీన్ డిజైన్ చేసిన కుర్రాడికి ఈ ప్రశ్న వింతగా తోచింది, అతని ఫోను అతనిదే మరి.

ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అన్న ధోరణి ప్రశ్నలు ఈ టెస్టులో ఉండవు. వాడకం చూడటానికి వెళ్ళి ఆ తలుపు తట్టకూడదు. అయినా మాటల్లో ఎవరైనా ఆ మాట అంటే టెస్టు అక్కడితో ఆపేయాలి, ట్యాబ్లెట్ పక్కన పెట్టాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416, అందులో తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన కూర్చుని చేయించాలి గానీ కార్డు చేతిలో పెట్టి రాకూడదు. పశ్చిమ గోదావరి 208 మంది నాకు ఇక్కడే గుర్తొచ్చారు.

ఐదు మొహాల కింద ఒక ఖాళీ గడి కూడా అడిగాను. అందులో మనిషి తన మాట తాను చెప్పొచ్చు, రాయడం రాకపోతే మైకు నొక్కి పలకొచ్చు. ఆ మాటని ఏ మార్కులోకీ మార్చకూడదు, ప్రామాణిక తెలుగులోకి దిద్దకూడదు. ఇంజనీర్లు అడిగింది ఒక్కటే, దాన్ని గ్రాఫ్‌లో ఎలా చూపిస్తాం అని. చూపించలేం. ప్రస్తుతానికి డాక్యుమెంటులో దాని పేరు "గడి 6". మొదటి టెస్టు వచ్చే సోమవారం, పొద్దున ఏడింటికి. ఎండ ముదరకముందే రమ్మన్నారు.